నడుస్తున్న వెబ్‌సైటు పక్కనే మూడుల్‌ను నెలకొల్పడం: సమగ్ర మార్గదర్శి

ఇప్పటికే వెబ్‌సైటు ఉన్న సంస్థ ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పాలనుకున్నప్పుడు పని ఖాళీ సర్వరు మీద మొదలవదు. ఆ సైటుకు రోజూ సందర్శకులు వస్తుంటారు, దాని ద్వారా దరఖాస్తులు అందుతుంటాయి, సెర్చ్ ఇంజిన్లలో దానికి ఒక స్థానం ఏర్పడి ఉంటుంది. అభ్యసన నిర్వహణ వ్యవస్థను, అంటే ఎల్ఎంఎస్‌ను, దాని పక్కన చేర్చేటప్పుడు వీటిలో దేనికీ భంగం కలగకూడదు. అందుకు నేను నమ్మే పద్ధతి ఒకటే. రెండు వ్యవస్థలకూ ఫోల్డర్లు, డేటాబేసులు, సర్వరులోని యూజర్లు, పీహెచ్‌పీ ప్రాసెస్‌లు అన్నీ వేరువేరుగా ఉండాలి. మెనూ, లాగిన్, రూపురేఖలు వంటి పైకి కనిపించే చోట్ల మాత్రమే అవి కలుసుకోవాలి. ఈ మార్గదర్శిలోని ప్రతి మెట్టూ ఆ విభజనను కాపాడుకోవడం కోసమే.

ఎల్ఎంఎస్‌గా ఇక్కడ మూడుల్‌ను తీసుకుంటున్నాను. ఆస్ట్రేలియాలోని పెర్త్‌కు చెందిన మార్టిన్ డూగియామస్ ప్రారంభించిన ఈ ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేరు 1.0 వెర్షను 2002లో విడుదలైంది. ఇది పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసినది కాబట్టి, వర్డ్‌ప్రెస్ వంటి సైటును నడిపే లినక్స్ సర్వరు దీన్ని కూడా నడపగలదు. మీ ప్రస్తుత సైటు వర్డ్‌ప్రెస్ మీద, అపాచీ లేదా ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వరుతో నడుస్తోందని, సర్వరులోకి ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా, అంటే దూరం నుంచే కమాండ్లు ఇచ్చేలా, వెళ్లే అధికారం మీకు ఉందని అనుకుని ముందుకు సాగుతాను.

వర్డ్‌ప్రెస్‌లోనే లెర్న్‌డాష్, ట్యూటర్ ఎల్ఎంఎస్ వంటి ప్లగిన్లు ఉండగా విడిగా మరో వ్యవస్థ ఎందుకన్న ప్రశ్న సహజం. నాలుగైదు వీడియో పాఠాలు పెట్టి, చివర ఒక చిన్న క్విజ్‌తో ముగించే అవసరమైతే ప్లగిన్ చాలు. మూడుల్ జోలికి వెళ్లనవసరం లేదు. ప్రశ్నల బ్యాంకు, అసైన్‌మెంట్లు దిద్ది మార్కులు వేయడం, ఉపాధ్యాయుడికి ఒక అధికారం, సహాయకుడికి మరో అధికారం, బృందాలవారీగా గడువులు వంటివి కావాలంటే మాత్రం మూడుల్ వంటి పూర్తిస్థాయి వ్యవస్థే తగినది. అంత భారాన్ని ప్రధాన సైటులోకే ఎక్కిస్తే, పరీక్ష రోజున వచ్చే ఒత్తిడికి సంస్థ ముఖచిత్రమైన సైటు కూడా నిలిచిపోయే ప్రమాదం ఉంటుంది.

చిరునామాను ముందే తేల్చుకోవాలి

అన్నిటికంటే ముందు తీసుకోవలసిన నిర్ణయం చిరునామా గురించినది. మూడుల్ తన పూర్తి చిరునామాను కాన్ఫిగ్.పీహెచ్‌పీ ఫైలులో డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూరూట్ అనే విలువగా రాసుకుంటుంది. ఉపాధ్యాయులు పాఠాల్లో ఒకచోటి నుంచి మరొకచోటికి పెట్టుకునే లింకుల్లో కూడా అదే చిరునామా చేరిపోతుంది. తర్వాత మార్చాలంటే డేటాబేసు మొత్తంలో పాత చిరునామాను వెదికి కొత్తదాన్ని పెట్టే ఉపకరణాన్ని నడపాలి. అది మూడుల్‌లోనే ఉన్నప్పటికీ, విద్యార్థులు బుక్‌మార్క్ చేసుకున్న లింకులను, ముద్రించి పంచిన కరపత్రాలను అది సరిచేయలేదు.

ప్రధానంగా రెండు దారులున్నాయి. ఒకటి, ప్రధాన డొమైన్ కిందే ఒక ఉపఫోల్డరు. రెండోది, డొమైన్ పేరుకు ముందు ఒక మాట చేర్చి ఏర్పరచే సబ్‌డొమైన్. నా సలహా స్పష్టంగా సబ్‌డొమైనే, దానికి కారణాలు మూడు.

మొదటి కారణం భద్రత. బ్రౌజరు దృష్టిలో ఉపఫోల్డరు, ప్రధాన సైటు రెండూ ఒకే మూలానికి చెందినవి. ప్రధాన సైటులోని ఏదో పాత ప్లగిన్ లోపం వల్ల ఎవరైనా హానికరమైన స్క్రిప్టును చొప్పించగలిగితే, ఆ స్క్రిప్టు అదే బ్రౌజరులో మూడుల్‌లో లాగిన్ అయి ఉన్న ఉపాధ్యాయుడి పేరుమీద మార్కుల పట్టికను తెరవగలదు. సబ్‌డొమైన్ వేరే మూలం కాబట్టి బ్రౌజరే ఆ అడ్డుగోడను నిలబెడుతుంది. రెండో కారణం, రేపు విద్యార్థులు పెరిగినప్పుడు, ఏ పేరు ఏ సర్వరుకు చెందినదో చెప్పే డీఎన్‌ఎస్‌లో ఒక్క రికార్డు మార్చి మూడుల్‌ను మరో సర్వరుకు తరలించవచ్చు. మూడోది, ప్రధాన సైటు నియమాలు మూడుల్ మీద పడకుండా ఉంటాయి. ఉపఫోల్డరులో పెడితే ప్రధాన సైటు హెచ్‌టీయాక్సెస్ అనే అపాచీ నియమాల ఫైలులోని ఆదేశాలు దానికీ వర్తిస్తాయి. ప్రధాన సైటు తన మొత్తం పరిధికి సర్వీస్ వర్కర్‌ను, అంటే బ్రౌజరులో తెరవెనుక నడిచే స్క్రిప్టును, నమోదు చేసుకుని ఉంటే అది మూడుల్ పేజీల అభ్యర్థనలలో కూడా జోక్యం చేసుకుంటుంది.

కొత్త సబ్‌డొమైన్ తీసుకునే వీలు లేక ఉపఫోల్డరే శరణ్యమైతే, ఆ పేరుతో ప్రధాన సైటులో ఇప్పటికే పేజీ లేదని చూసుకోండి. వర్డ్‌ప్రెస్ సాధారణ నియమాల ప్రకారం, అడిగిన పేరుతో నిజమైన ఫైలు గానీ ఫోల్డరు గానీ లేనప్పుడే అభ్యర్థన వర్డ్‌ప్రెస్‌కు చేరుతుంది. మీరు సృష్టించిన ఫోల్డరు పేరు, పాత పేజీ పేరు ఒకటే అయితే ఆ పేజీ ఎవరికీ కనిపించకుండా పోతుంది, ఎక్కడా హెచ్చరిక కూడా రాదు.

సబ్‌డొమైన్ ఎంచుకున్నవారు డీఎన్‌ఎస్‌లో దాని రికార్డును చేర్చి, ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్‌ను మొదటి రోజునే తీసుకోవాలి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్లు స్వల్ప గడువుతో ఉంటాయి కాబట్టి స్వయంచాలకంగా పునరుద్ధరణ జరిగే ఏర్పాటు కూడా అప్పుడే చేయాలి. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. ప్రధాన సైటు, ఇకపై హెచ్‌టీటీపీఎస్‌లోనే తెరవమని బ్రౌజరుకు చెప్పే హెచ్‌ఎస్‌టీఎస్ అనే హెడరును సబ్‌డొమైన్లకూ వర్తించేలా పంపుతూ ఉంటే, ఆ సైటును ఒకసారి చూసిన బ్రౌజరు మీ కొత్త సబ్‌డొమైన్‌ను సర్టిఫికెట్ లేకుండా తెరవనే తెరవదు. సర్వరు బాగానే ఉన్నా కొందరికి సైటు తెరుచుకుని మరికొందరికి తెరుచుకోకపోవడానికి ఇది కారణం కావచ్చు.

ఉన్నదాన్ని కొలవాలి, భద్రపరచాలి

కొత్తది చేర్చేముందు సర్వరులో ఏముందో చూడాలి. మూడుల్ 4.5 వెర్షను 2024 అక్టోబరులో విడుదలైన దీర్ఘకాల మద్దతు వెర్షను. దానికి కనీసం పీహెచ్‌పీ 8.1 కావాలి. 2025 ఏప్రిల్‌లో వచ్చిన 5.0 వెర్షనుకు కనీసం 8.2 కావాలి. డేటాబేసు విషయంలో 4.5కు మైఎస్‌క్యూఎల్ 8.0, లేదా మరియాడీబీ 10.6.7, లేదా పోస్ట్‌గ్రెస్ 13 కనీస అవసరం. 5.0కు వచ్చేసరికి మైఎస్‌క్యూఎల్ 8.4, మరియాడీబీ 10.11, పోస్ట్‌గ్రెస్ 14 అయ్యాయి. స్థిరత్వం ముఖ్యమనుకునే సంస్థలకు దీర్ఘకాల మద్దతు వెర్షనే మేలని నా అభిప్రాయం.

మీ ప్రధాన సైటు పాత పీహెచ్‌పీ మీద నడుస్తుంటే, మూడుల్ కోసం దాన్ని పైవెర్షనుకు మార్చవద్దు. పాత థీము, పాత ప్లగిన్లు కొత్త పీహెచ్‌పీలో పనిచేస్తాయన్న హామీ లేదు. ఒకే సర్వరులో రెండు పీహెచ్‌పీ వెర్షన్లను పక్కపక్కనే పెట్టి, ప్రతి సైటుకూ విడిగా పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం పూల్, అంటే ఆ సైటుకే కేటాయించిన పీహెచ్‌పీ ప్రాసెస్‌ల గుంపు, ఏర్పాటు చేయవచ్చు. ప్రధాన సైటు తన పాత వెర్షనుతో తన పూల్‌లో, మూడుల్ కొత్త వెర్షనుతో మరో యూజరు పేరుమీద తన పూల్‌లో నడుస్తాయి.

మెమరీ విషయంలో మూడుల్ పత్రాలు చెప్పే స్థూల అంచనా, ప్రతి 1 జీబీకి ఒకేసారి చురుగ్గా ఉండే 10 నుంచి 20 మంది వాడుకరులు అని. ఇక్కడ లెక్కించవలసింది నమోదైన విద్యార్థులను కాదు, ఒకే క్షణాన క్లిక్ చేస్తున్నవారిని. 500 మంది నమోదై, ఎవరి వీలునుబట్టి వారు చదువుకునే కోర్సు కంటే, 100 మంది ఒకే గంటకు క్విజ్ మొదలుపెట్టే కోర్సు సర్వరును ఎక్కువగా అలసట పెడుతుంది. డిస్కులో కనీసం 5 జీబీ ఖాళీ ఉండాలి. విద్యార్థులు ఫైళ్లు సమర్పించే కోర్సులైతే అంతకు చాలా రెట్లు.

తర్వాత ప్రధాన సైటు బ్యాకప్. ఫైళ్లు, డేటాబేసు, వెబ్ సర్వరు కాన్ఫిగరేషన్ మూడింటినీ మరో యంత్రంలోకి తీసుకుని, వాటి నుంచి సైటును ఒకసారి వేరేచోట నిలబెట్టి చూడాలి. తిరిగి నిలబెట్టి చూడని బ్యాకప్ మీద నమ్మకం పెట్టుకుని నడుస్తున్న సర్వరు మీద చెయ్యి వేయడం నాకు సమ్మతం కాదు.

డేటాబేసు, ఫైళ్ల నిల్వ

మూడుల్ పట్టికల పేర్లకు ముందు ఎండీఎల్ అనే అక్షరాలు చేరతాయి కాబట్టి, సాంకేతికంగా వర్డ్‌ప్రెస్ డేటాబేసులోనే దాన్ని కూడా పెట్టవచ్చు. అయినా పెట్టవద్దు. విడి డేటాబేసును, దానికి విడి యూజరును, విడి పాస్‌వర్డునూ సృష్టించండి. ఆ యూజరుకు ఆ ఒక్క డేటాబేసు మీదే అధికారాలు ఇవ్వండి. అక్షరక్రమం యూటీఎఫ్8ఎంబీ4 కావాలి. తెలుగు అక్షరాలు 3 బైట్ల పాత పద్ధతిలోనూ ఇముడుతాయి గానీ, విద్యార్థులు చర్చావేదికలో వాడే ఎమోజీలకు 4 బైట్లు అవసరం.

ఒకే డేటాబేసు సర్వరును రెండు సైట్లూ పంచుకునేటప్పుడు కనెక్షన్ల సంఖ్యను మరవకూడదు. మైఎస్‌క్యూఎల్‌లో ముందస్తుగా ఉండే గరిష్ఠ పరిమితి 151. మూడుల్ పూల్‌లో 150 ప్రాసెస్‌లకు అనుమతి ఇచ్చి, ఆ పరిమితిని అలాగే వదిలేస్తే పరీక్ష సమయంలో ప్రధాన సైటుకు డేటాబేసు అందదు. మూడుల్ పూల్‌లోని గరిష్ఠ ప్రాసెస్‌ల సంఖ్యను మెమరీకి, ఈ కనెక్షన్లకు తగినట్టు ముందే కట్టడి చేయాలి. ఒత్తిడి పెరిగినప్పుడు మూడుల్ నెమ్మదించినా ఫరవాలేదు, ప్రధాన సైటు మాత్రం కదలకూడదు అన్నదే లక్ష్యం.

విద్యార్థులు, ఉపాధ్యాయులు ఎక్కించే ఫైళ్లన్నీ మూడుల్‌డేటా అనే ఫోల్డరులోకి చేరతాయి. ఇది వెబ్ నుంచి నేరుగా చేరుకోగలిగే చోట ఉండకూడదు. ఉంటే మూడుల్ విధించే అనుమతులతో పని లేకుండా ఎవరైనా సమర్పణలను దింపుకోగలరు. మూడుల్‌డేటాలో రాసే అనుమతి మూడుల్ పూల్ యూజరుకు ఉండాలి. ప్రోగ్రాము ఫైళ్లుండే ఫోల్డరు విషయం దీనికి తలకిందులు: అక్కడ ఆ యూజరుకు చదివే అనుమతి చాలు, రాసే అనుమతి వద్దు. అలా చేస్తే బ్రౌజరులోంచి ప్లగిన్లు ఎక్కించుకునే సౌకర్యం పోతుంది, నిజమే. దాడి చేసినవాడు ప్రోగ్రాము ఫైళ్లను మార్చే అవకాశం కూడా దానితోపాటే పోతుంది.

వీలైతే మూడుల్‌డేటాను విడి డిస్కు విభాగంలో పెట్టండి. అసైన్‌మెంటు చివరి రోజున వీడియోలు వరుసగా వచ్చిపడి డిస్కు నిండితే, అదే డిస్కు మీద ఉన్న ప్రధాన సైటు డేటాబేసు కూడా రాయలేక ఆగిపోతుంది. పాఠాల వీడియోలను మూడుల్‌లోకి ఎక్కించకుండా, వీడియోల కోసమే ఉన్న సేవలో పెట్టి పాఠంలో పొందుపరచడం డిస్కుకూ మంచిది, చూసేవారికీ మంచిది.

వెబ్ సర్వరులో చేయవలసిన మార్పులు

ప్రధాన సైటు కాన్ఫిగరేషన్ ఫైలును తాకకుండా, సబ్‌డొమైన్ కోసం కొత్త ఫైలు రాయండి. అపాచీలో దాన్ని వర్చువల్ హోస్ట్ అంటారు, ఎన్‌జిన్‌ఎక్స్‌లో సర్వర్ బ్లాక్. అందులో డాక్యుమెంట్ రూట్, అంటే వెబ్‌కు అందించే ఫోల్డరు దారి, మూడుల్ ఫోల్డరును చూపాలి. 2025 అక్టోబరులో వచ్చిన 5.1 వెర్షను నుంచి ఈ అమరిక మారింది: మూడుల్ ఫోల్డరు లోపల పబ్లిక్ అనే ఉపఫోల్డరు ఉంటుంది, డాక్యుమెంట్ రూట్ దాన్నే చూపాలి. పాత అలవాటుతో పై ఫోల్డరును చూపవద్దు.

ఇక చాలామందిని తికమకపెట్టే సంగతి. మూడుల్ చిత్రాలు, స్టైల్ ఫైళ్లు, పాఠాల ఫైళ్లను పంపేటప్పుడు పీహెచ్‌పీ ఫైలు పేరు తర్వాత గీత గీసి మరికొంత దారిని చేర్చిన చిరునామాలను వాడుతుంది. దీన్నే స్లాష్ ఆర్గ్యుమెంట్లు అంటారు. వర్డ్‌ప్రెస్ కోసం రాసిన ఎన్‌జిన్‌ఎక్స్ నియమాల్లో సాధారణంగా చిరునామా పీహెచ్‌పీతో ముగిస్తేనే అది పీహెచ్‌పీకి చేరుతుంది. ఆ నియమాన్నే కొత్త బ్లాకులోకి నకలు చేస్తే మూడుల్ తెరుచుకుంటుంది గానీ రంగులు, చిత్రాలు ఏవీ లేకుండా బోసిగా కనిపిస్తుంది. పీహెచ్‌పీ అన్న మాట తర్వాత గీత ఉన్నా సరే ఆ అభ్యర్థన పీహెచ్‌పీకే వెళ్లేలా నియమాన్ని మార్చి, మిగిలిన దారిని పాత్ ఇన్ఫో అనే విలువగా అందించాలి. అపాచీలో అయితే యాక్సెప్ట్ పాత్ ఇన్ఫో అన్న ఆదేశాన్ని ఆన్ చేస్తే సరిపోతుంది. అలంకారం లేని పేజీ కనిపించినప్పుడు థీమును అనుమానించకుండా ముందు ఇక్కడే వెదకండి.

పీహెచ్‌పీ పరిమితులలో మూడు మార్పులు తప్పవు. మాక్స్ ఇన్‌పుట్ వార్స్ అనే విలువ ముందస్తుగా 1000 ఉంటుంది. మూడుల్‌కు అది కనీసం 5000 ఉండాలి. లేకపోతే పెద్ద మార్కుల పట్టికను భద్రపరిచినప్పుడు కొంతభాగం పోతుంది. ఎక్కించే ఫైలు గరిష్ఠ పరిమాణం ముందస్తుగా 2 ఎంబీ, పోస్ట్ పరిమాణం 8 ఎంబీ. రెండింటినీ మీ అవసరానికి పెంచాలి, రెండోది మొదటిదానికంటే కాస్త ఎక్కువ ఉండాలి. ఎన్‌జిన్‌ఎక్స్‌లో అభ్యర్థన పరిమాణానికి సొంత పరిమితి ఒకటి ఉంది, అది ముందస్తుగా 1 ఎంబీ మాత్రమే. పీహెచ్‌పీలో ఎంత పెంచినా దీన్ని పెంచకపోతే ఫైలు గడప దాటదు. ఈ మార్పులన్నీ మూడుల్ పూల్‌కే పరిమితం కావాలి. ఇంటెల్, ఎంబీస్ట్రింగ్, కర్ల్, జీడీ, జిప్, ఎక్స్‌ఎంఎల్, సోడియం అనే పీహెచ్‌పీ ఎక్స్‌టెన్షన్లు కూడా ఆ వెర్షనుకు ఉన్నాయో లేదో చూసి, లేనివి చేర్చండి.

ప్రధాన సైటు ముందు, తయారైన పేజీల నకళ్లను దాచి అందించే సీడీఎన్ గానీ వార్నిష్ వంటి క్యాషింగ్ గానీ ఉంటే, మూడుల్ చిరునామాకు పేజీ క్యాషింగ్‌ను పూర్తిగా ఆపేయండి. ఒక విద్యార్థి పేజీ మరొకరికి కనిపించడం కంటే ఘోరమైన తప్పు ఈ వ్యవస్థలో లేదు. సర్వరు ముందు నిలిచే ప్రాక్సీయే హెచ్‌టీటీపీఎస్‌ను విప్పి లోపలికి మామూలు హెచ్‌టీటీపీగా పంపుతుంటే, కాన్ఫిగ్.పీహెచ్‌పీలో ఎస్‌ఎస్‌ఎల్‌ప్రాక్సీ అనే విలువను ట్రూ చేయాలి. లేకపోతే పేజీ తనను తానే మళ్లీ మళ్లీ దారి మళ్లించుకుంటూ చిక్కుకుపోతుంది.

అసలు ఇన్‌స్టలేషన్

ఇది నిజానికి అన్నిటికంటే చిన్న భాగం. మూడుల్ అధికారిక సైటు నుంచి గానీ గిట్ నుంచి గానీ ప్రోగ్రామును తెచ్చి, ఫోల్డరులో పెట్టి, కమాండ్ లైను నుంచి, అడ్మిన్ ఫోల్డరు కింద సీఎల్ఐ అనే ఫోల్డరులో ఉన్న ఇన్‌స్టాల్ స్క్రిప్టును నడపాలి. అది అడిగే చిరునామా, మూడుల్‌డేటా దారి, డేటాబేసు వివరాలు, నిర్వాహకుడి పేరు, పాస్‌వర్డు ఇస్తే పట్టికలను సృష్టించి కాన్ఫిగ్.పీహెచ్‌పీని రాసిపెడుతుంది. బ్రౌజరు ద్వారా కూడా ఇన్‌స్టాల్ చేయవచ్చు. అయితే సగంలో ఉన్న ఇన్‌స్టలేషన్ పేజీ ఇంటర్నెట్‌లో తెరిచి ఉన్నంతసేపూ దాన్ని మీకంటే ముందు మరొకరు పూర్తిచేసే అవకాశం ఉంటుంది. ఆ దారినే వెళ్లేవారు వెబ్ సర్వరులో మీ ఐపీ చిరునామాకు మాత్రమే అనుమతి ఇచ్చి, పని ముగిశాక తీసేయాలి.

పూర్తయ్యాక కాన్ఫిగ్.పీహెచ్‌పీని చదివే అనుమతి మూడుల్ పూల్ యూజరుకు మాత్రమే ఉండేలా చూసుకోండి. డేటాబేసు పాస్‌వర్డు అందులో ఉంటుంది. ప్రధాన సైటు యూజరుకు దానితో పనిలేదు.

క్రాన్, ఈమెయిలు

మూడుల్‌లో సగం పనులు తెరవెనుక జరుగుతాయి. చర్చావేదిక సందేశాలు పంపడం, తొలగించిన కోర్సులను శుభ్రం చేయడం, గడువు గుర్తుచేయడం వంటివన్నీ నిర్ణీత వేళలకు పనులను నడిపే క్రాన్ చేసేవే. సీఎల్ఐ ఫోల్డరులోని క్రాన్ స్క్రిప్టును ప్రతి నిమిషం నడపాలని మూడుల్ సూచిస్తుంది. ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. క్రాన్‌ను సర్వాధికారాలుండే రూట్ యూజరు పేరుమీద నడపవద్దు. అలా నడిపితే మూడుల్‌డేటాలో రూట్‌కు చెందిన క్యాష్ ఫైళ్లు పుట్టి, వెబ్ నుంచి వచ్చినవారికి రాసే అనుమతి లేదన్న లోపం అక్కడక్కడా తలెత్తుతుంది. మూడుల్ పూల్ యూజరు పేరుమీదే నడపాలి. రెండోది, కమాండ్ లైనులో పీహెచ్‌పీ అనగానే పలికే వెర్షను ప్రధాన సైటుకు చెందిన పాతది కావచ్చు. అందుకని క్రాన్ వరుసలో కొత్త పీహెచ్‌పీ పూర్తి దారిని రాయండి.

ఈమెయిలును తేలికగా తీసుకుంటే మొదటి వారంలోనే పాస్‌వర్డు అందలేదన్న ఫిర్యాదులు వస్తాయి. సర్వరు నుంచి నేరుగా పంపకుండా, మీ సంస్థ మెయిళ్లు పంపే ఎస్‌ఎంటీపీ సేవ వివరాలను సర్వరు అమరికల్లోని అవుట్‌గోయింగ్ మెయిల్ పేజీలో ఇవ్వండి. కొత్త సేవ ద్వారా పంపుతుంటే, డొమైన్ పేరుమీద ఎవరు మెయిలు పంపవచ్చో చెప్పే ఎస్‌పీఎఫ్ రికార్డులో దాన్ని చేర్చాలి, మెయిలు అసలైనదని నిరూపించే డీకిమ్ సంతకాన్ని అమర్చాలి. డొమైన్‌కు ఒకే ఎస్‌పీఎఫ్ రికార్డు ఉండాలి కాబట్టి, కొత్తది సృష్టించకుండా ఉన్నదాన్నే సవరించండి. రెండు రికార్డులుంటే ప్రధాన సంస్థ మెయిళ్లు కూడా తిరస్కరణకు గురికావచ్చు. తర్వాత అదే భాగంలో ఉండే పరీక్షా పేజీ నుంచి ఒక మెయిలు పంపి, అది స్పామ్‌లోకి వెళ్లిందో లేదో వేరువేరు మెయిలు సేవల్లో చూడండి.

రెండు సైట్లను కలపడం

ఉత్సాహవంతులు మొదటి రోజునే ఒకే లాగిన్ కావాలంటారు. నా అనుభవంలో దాన్ని రెండో దశకు వాయిదా వేయడమే మేలు. మొదటి దశలో, విద్యార్థుల జాబితాను సీఎస్‌వీ ఫైలుగా ఎక్కించి ఖాతాలు సృష్టించండి. యూజర్‌నేమ్, పేరు, ఇంటిపేరు, ఈమెయిలు వరుసలతోపాటు చేర్చవలసిన కోర్సు సంక్షిప్త నామాన్ని కూడా అదే ఫైలులో ఇవ్వవచ్చు. తెలుగులో పేర్లుంటే ఫైలును యూటీఎఫ్-8గా భద్రపరచాలి.

ఒకే లాగిన్ నిజంగా అవసరమైతే, మరో సేవలోని ఖాతాతో లాగిన్ కానిచ్చే, మూడుల్‌లోనే ఉన్న ఓఆథ్ 2 పద్ధతి అన్నిటికంటే శుభ్రమైనది. సంస్థలో అందరికీ గూగుల్ గానీ మైక్రోసాఫ్ట్ గానీ ఖాతాలుంటే, రెండు సైట్లూ ఆ ఖాతానే అడుగుతాయి, ఒకదాని పాస్‌వర్డులు మరొకదానికి తెలియనవసరం ఉండదు. సంస్థలో ఎల్‌డీఏపీ, అంటే అందరి ఖాతాలూ ఉండే కేంద్ర డైరెక్టరీ, ఉంటే అదీ మంచిదే. వర్డ్‌ప్రెస్‌లో కోర్సు కొన్నవారిని మూడుల్‌లో చేర్చే ఎడ్వైజర్ బ్రిడ్జ్ వంటి ప్లగిన్లు మూడుల్ వెబ్ సర్వీసుల ద్వారా పనిచేస్తాయి. వాటికి తాళంచెవిలా ఇచ్చే టోకెన్‌ను ఒక ప్రత్యేక యూజరు పేరుమీద, ఆ పనికి కావలసినంత అధికారంతో మాత్రమే సృష్టించాలి. నిర్వాహకుడి టోకెన్ ఇస్తే వర్డ్‌ప్రెస్ చేజారిన రోజున మూడుల్ కూడా చేజారుతుంది, ఇంతసేపూ కట్టుకున్న గోడకు మనమే కన్నం పెట్టినట్టవుతుంది. వర్డ్‌ప్రెస్ యూజర్ల పట్టికను మూడుల్ నేరుగా చదివేలా చేయడం కూడా ఇదే కారణంగా నేను సూచించను.

రూపం విషయానికొస్తే, మూడుల్‌లో ముందస్తుగా ఉండే బూస్ట్ థీములో సంస్థ లోగో, ప్రధాన రంగు ఇచ్చి, కస్టమ్ మెనూలో ప్రధాన సైటుకు వెళ్లే లింకు పెట్టండి. ప్రధాన సైటు హెడరును ఉన్నదున్నట్టు మూడుల్‌లో పునర్నిర్మించాలన్న కోరికను అదుపులో పెట్టుకోవాలి. ప్రతి కొత్త వెర్షనుతోనూ దాన్ని మళ్లీ సరిచేయవలసి వస్తుంది. మూడుల్‌ను ప్రధాన సైటు పేజీలో ఐఫ్రేములో బిగించడం అంతకంటే చెడ్డ ఆలోచన. మూడుల్ ముందస్తుగా దాన్ని అనుమతించదు, అనుమతించినా ఫోన్లలో క్విజ్‌లు రాయడం నరకమవుతుంది.

తెరిచే ముందు

నిర్వాహకుడిగా లాగిన్ అయి చూసినదేదీ పరీక్ష కిందికి రాదు, ఎందుకంటే నిర్వాహకుడికి అన్ని తలుపులూ తెరిచే ఉంటాయి. ఒక నమూనా విద్యార్థి ఖాతాను, ఒక నమూనా ఉపాధ్యాయుడి ఖాతాను సృష్టించి ఫోన్‌లో, కంప్యూటరులో మొత్తం దారి నడవండి: పాస్‌వర్డు మరచిపోవడం, మెయిలు రావడం, పెద్ద ఫైలును సమర్పించడం, క్విజ్ మధ్యలో ఇంటర్నెట్ తెంపి మళ్లీ కలపడం, ఉపాధ్యాయుడు మార్కులు వేయడం, విద్యార్థికి అవి కనిపించడం. మూడుల్ మొబైల్ యాప్ వాడేవారుంటే మొబైల్ సేవలను ఆన్ చేసి యాప్‌లోనూ ఇదే చేయండి. ఇదంతా జరుగుతుండగా మరో తెరమీద ప్రధాన సైటు వేగాన్ని గమనిస్తూ ఉండాలి.

నిర్వాహక విభాగంలోని ఎన్విరాన్‌మెంట్ పేజీ, భద్రతా తనిఖీల నివేదిక రెండూ పచ్చగా ఉండాలి. ఈమెయిలు ద్వారా ఎవరికివారు నమోదయ్యే పద్ధతి మీకు అవసరం లేకపోతే అది ఆపి ఉందని నిర్ధారించుకోండి. తెరిచి ఉంచితే స్పామ్ ఖాతాలు వరదలా వస్తాయి. భాషా ప్యాకుల పేజీ నుంచి తెలుగును చేర్చుకోవచ్చు. అనువాదం కాని మాటలు ఆంగ్లంలోనే కనిపిస్తాయి.

అన్నీ సరిపోయాక ప్రధాన సైటు మెనూలో లింకు చేర్చండి. ఈ మొత్తం ప్రయాణంలో ప్రధాన సైటులో జరిగే మార్పు ఆ ఒక్కటే. ఏదైనా తేడా వస్తే ఆ లింకు తీసి, మూడుల్‌ను మెయింటెనెన్స్ మోడ్‌లో పెడితే పరిస్థితి మొదటికొస్తుంది.

బ్యాకప్, కొత్త వెర్షన్లు

మూడుల్ బ్యాకప్ అంటే మూడు భాగాలు: ప్రోగ్రాము, డేటాబేసు, మూడుల్‌డేటా. మూడుల్‌డేటాలో ఫైళ్లు తమ అసలు పేర్లతో ఉండవు. ఫైలులోని విషయం నుంచి లెక్కించిన ఎస్‌హెచ్‌ఏ-1 హ్యాష్ అనే అక్షరాలు, అంకెల వరుసే పేరుగా ఉంటాయి. ఏ హ్యాష్ ఎవరి అసైన్‌మెంటో డేటాబేసుకే తెలుసు. కాబట్టి డేటాబేసు లేని మూడుల్‌డేటా పేర్లు లేని కాగితాల కుప్ప, మూడుల్‌డేటా లేని డేటాబేసు ఖాళీ విషయసూచిక. రెండింటినీ దగ్గరదగ్గర సమయంలో, ముందు డేటాబేసు, ఆ వెంటనే ఫైళ్లు అన్న క్రమంలో తీసుకోండి. అలా అయితే డేటాబేసులో ప్రస్తావన ఉన్న ఫైలు బ్యాకప్‌లో లేకపోయే అవకాశం తగ్గుతుంది.

మూడుల్ పెద్ద వెర్షన్లు ఏటా ఏప్రిల్, అక్టోబరు నెలల ప్రాంతంలో వస్తాయి. వాటి మధ్య వచ్చే చిన్న విడుదలల్లో భద్రతా సవరణలుంటాయి, వాటిని ఆలస్యం చేయకూడదు. కొత్త వెర్షను వచ్చినప్పుడు మెయింటెనెన్స్ మోడ్‌ను ఆన్ చేసి, బ్యాకప్ తీసి, పాత ప్రోగ్రాము ఫోల్డరు పేరు మార్చి పక్కన పెట్టండి. కొత్తదాన్ని ఖాళీ ఫోల్డరులోనే విప్పాలి. పాతదాని మీదే విప్పితే కొత్త వెర్షనులో తీసేసిన ఫైళ్లు కూడా మిగిలిపోయి విచిత్రమైన లోపాలకు దారితీస్తాయి. పాత ఫోల్డరు నుంచి కాన్ఫిగ్.పీహెచ్‌పీని, మీరు అదనంగా చేర్చుకున్న ప్లగిన్లను మాత్రమే తెచ్చి, ఆ ప్లగిన్లకు కొత్త వెర్షనుతో పొత్తు కుదురుతుందో లేదో ముందే చూసి, సీఎల్ఐ ఫోల్డరులోని అప్‌గ్రేడ్ స్క్రిప్టును నడపండి. నమూనా విద్యార్థి ఖాతాతో క్విజ్, ఫైలు సమర్పణ, మెయిలు మూడూ పనిచేస్తున్నాయని చూశాక మెయింటెనెన్స్ మోడ్‌ను తీసేయండి. పక్కన పెట్టిన పాత ఫోల్డరు డాక్యుమెంట్ రూట్ పరిధిలో లేకుండా చూసి, కొత్త వెర్షను మీద ఒక పూర్తి పరీక్ష సజావుగా ముగిశాక దాన్ని తొలగించండి.